వాక్సా, మార్షలా, హైవాటా? ముందు మీ గోడ సంగతి చూడండి

ప్రశ్న: నేను లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను. ఇక్కడ ఆఫీసు వాళ్లతో కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. నెలకోసారి పబ్‌లో క్వీన్, పింక్ ఫ్లాయిడ్ పాటలు వాయిస్తాం. ఉగాదికీ దీపావళికీ తెలుగువాళ్ల కార్యక్రమాల్లో సినిమా పాటలు కూడా ఉంటాయి. ఇన్నాళ్లూ చిన్న ట్రాన్సిస్టర్ యాంప్‌తో (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) నెట్టుకొచ్చాను. ఇప్పుడు పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే మంచి బ్రిటిష్ ట్యూబ్ యాంప్ కొందామంటే బ్యాండ్‌లో రోజూ గొడవే. ఒకడు వాక్స్ ఏసీ30 తప్ప ఇంకేదీ వద్దంటాడు, అది 'క్లాస్ ఎ' అట. ఇంకొకడు మార్షల్ లేకపోతే అది రాకే కాదంటాడు. మా బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించేవాడు హైవాట్ భక్తుడు, చేత్తో వైరింగ్ చెయ్యని యాంప్ కొంటే డబ్బు దండగంటాడు. నేనుండేది సెమీ డిటాచ్డ్ ఇల్లు, ఒక గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. రెండు మూడేళ్లలో హైదరాబాద్ వచ్చేసే ఆలోచన ఉంది. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, లీడ్స్

సమాధానం: మీ బ్యాండ్ పంచాయితీలోకి దిగేముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడింది ఆ ఉమ్మడి గోడే.

సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ అని ఒక స్పీకర్ ఉంది. బ్రిటిష్ యాంపుల పేరుప్రతిష్ఠల్లో దాని వాటా చాలా పెద్దది. దానికి ఒకే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 98 డెసిబెల్స్ మోగుతుంది. మనం ఇంట్లో మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర ఉంటుంది. పవర్ పదింతలు చేస్తే 10 డెసిబెల్స్ పెరుగుతాయి, అప్పుడు మన చెవికి మోత రెట్టింపైనట్టు అనిపిస్తుంది. పవర్ రెండింతలే చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. కాబట్టి 30 వాట్ల యాంప్ 15 వాట్ల దానికంటే రెట్టింపు మోగదు, ఓ పిసరు ఎక్కువ మోగుతుంది, అంతే. రెట్టింపు కావాలంటే 150 వాట్లు కావాలి. ఇందులో ఇంకో తమాషా ఉంది. అదే సెలెస్టియన్ వాళ్ల బ్లూ అనే స్పీకర్ ఒక్క వాట్‌కి 100 డెసిబెల్స్ ఇస్తుంది. గ్రీన్‌బ్యాక్ తీసేసి బ్లూ బిగిస్తే ఆ రెండు డెసిబెల్స్ తేడాకే 15 వాట్ల యాంప్ దాదాపు 24 వాట్ల యాంప్‌లా మోగుతుంది. యాంప్‌ని ముట్టుకోకుండానే.

ఇదంతా ఎందుకంటే, రికార్డుల్లో విని మనం 'బ్రిటిష్ టోన్' అని మురిసిపోయేది చాలావరకు పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపే చివరి ట్యూబులు) కష్టపడుతుంటే వచ్చే ధ్వని. ట్యూబ్ తన హద్దు దాకా వెళ్లినప్పుడు అల రూపం కొసల్లో మెత్తగా నలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఒత్తిడికి లోనవుతుంది, స్పీకర్ కాగితం కూడా తన వంతు గరగరలు కలుపుతుంది. ఈ మూడూ కలిస్తే ఆ ధ్వని వస్తుంది. 30 వాట్ల యాంప్ ఆ దశకు చేరేసరికి మీ పక్కింటివాళ్లు తలుపు దగ్గర ఉంటారు. 100 వాట్లదైతే పోలీసులు. గొంతు నొక్కి వాయిస్తే ఆ యాంప్ ఎంత గొప్పదైనా దాని గొప్పతనం మీకు వినబడదు. అందుకే మీరు నిజంగా ఎంత మోతలో వాయించగలరో ముందు తేల్చుకుని, ఆ మోతలో ట్యూబులకు పని తగిలేంత వాట్లు ఎంచుకోండి. ఆ తర్వాత స్పీకర్. బ్రాండ్ మూడోది.

ఇక మీవాళ్ల వాదనలు ఒక్కొక్కటీ చూద్దాం.

వాక్స్ పుట్టిల్లు కెంట్‌లోని డార్ట్‌ఫోర్డ్. టామ్ జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ అనే ఆయన డిజైన్ చేసిన ఏసీ15 ముందు వచ్చింది. షాడోస్ లాంటి బృందాలకు ఆ మోత చాలక 1959లో ఏసీ30 తెచ్చారు. తర్వాత బీటిల్స్ దాన్ని ప్రపంచమంతా తిప్పారు. ఇందులో పవర్ ట్యూబులు ఈఎల్84లు, నాలుగు. ఇవి సన్నగా, చేతి వేలంత ఉంటాయి. మార్షల్‌లో వాడే ఈఎల్34 పక్కన పెడితే పిల్లల్లా కనిపిస్తాయి. వాటిని క్యాథోడ్ బయాస్‌లో (ట్యూబ్‌లో పారే కరెంటు తనంతట తానే సర్దుకునే పద్ధతి), నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ లేకుండా నడిపిస్తారు. వాక్స్ స్వభావమంతా ఈ రెండు నిర్ణయాల్లోనే ఉంది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే బయటికి వెళ్లే సిగ్నల్‌లో కొంత తీసుకొచ్చి వెనక్కి కలిపి తప్పులు దిద్దించడం. అది ఉంటే యాంప్ చాలాసేపు శుభ్రంగా ఉండి, హద్దు దాటగానే ఒక్కసారిగా విరుగుతుంది, అంటే ధ్వని గరుకుగా మారుతుంది. లేకపోతే శుభ్రానికీ విరుపుకీ మధ్య గీత కనబడదు. మీరు తీగను మెల్లగా మీటితే గంట మోగినట్టు ఉంటుంది, గట్టిగా కొడితే అదే స్వరం కాస్త గరుకుగా ముందుకొస్తుంది. నాబ్ ముట్టుకోనక్కర్లేదు, వేళ్లతోనే అంతా నడుస్తుంది. సినిమా పాటల్లో ఆర్పెజియోలు (కార్డ్‌లోని స్వరాలు ఒక్కొక్కటిగా) వాయించేటప్పుడు ఈ గుణం ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి వాయిస్తే మీకే తెలుస్తుంది.

'క్లాస్ ఎ' (ట్యూబులన్నీ క్షణం ఆగకుండా పనిచేసే పద్ధతి) సంగతికొస్తే, అది చాలావరకు ప్రచారంలో పడి తిరుగుతున్న మాట. పూర్తి మోతలో ఏసీ30 నడిచేది క్లాస్ ఏబీలోనే, అంటే ట్యూబులు వంతులవారీగా కాసేపు ఆగుతూ. క్యాథోడ్ బయాస్‌నీ, ఫీడ్‌బ్యాక్ లేకపోవడాన్నీ కలిపి జనం ఆ పేరు పెట్టుకున్నారు. మీ ఫ్రెండ్‌తో దీని గురించి వాదించకండి. ఆయన చెవి సరిగ్గానే విన్నది, కారణమే వేరు.

వాక్స్‌తో కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. టాప్ బూస్ట్ అనే ఛానల్‌లో బాస్ (లోతు), ట్రెబుల్ (చురుకు) నాబులే ఉంటాయి, మిడ్ (మధ్య స్థాయి) నాబ్ ఉండదు. రెండూ పైకి తిప్పేస్తే మధ్య స్థాయి ధ్వని గోతిలో పడిపోతుంది. ఇంట్లో బ్రహ్మాండంగా వినబడిన ఆ సెట్టింగ్ డ్రమ్స్ మొదలవగానే మాయమవుతుంది. అప్పుడు మోత పెంచకుండా రెండు నాబులూ కిందికి తగ్గించి చూడండి, గిటార్ తిరిగొస్తుంది. ఇంకొకటి, కట్ అనే నాబ్. అది తిరగేసి పనిచేస్తుంది. కుడివైపు తిప్పేకొద్దీ చురుకు తగ్గుతుంది. షాపులో ఇది తెలియక 'వాక్స్ చెవులు కోస్తుంది' అని వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

మార్షల్ కథ లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో మొదలవుతుంది. జిమ్ మార్షల్ డ్రమ్స్ నేర్పేవాడు, 1960లో అక్కడ షాపు తెరిచాడు. కుర్రాళ్లొచ్చి అమెరికా నుంచి దిగుమతయ్యే ఫెండర్ యాంపుల గురించి అడిగేవారు, వాటి ధర చూస్తే గుండె ఆగేది. షాపులో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రాడు కలిసి ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్‌ని దగ్గర పెట్టుకుని 1962లో తయారుచేసిందే జేటీఎం45. కాపీయే. కానీ ఇంగ్లండ్‌లో దొరికే సరుకుతో చేసిన కాపీ. అందుకే వేరే వస్తువైపోయింది. మొదటి ట్యూబ్‌గా బాస్‌మ్యాన్‌లోని 12ఏవై7 బదులు ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఉన్న ఈసీసీ83 పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడిది, పవర్ ట్యూబులు త్వరలోనే ఇక్కడి కేటీ66లయ్యాయి. ఫెండర్‌లో వెనక తెరిచి ఉన్న పెట్టెలో పది అంగుళాల స్పీకర్లు నాలుగు. మార్షల్ మూసేసిన పెట్టెలో పన్నెండు అంగుళాల సెలెస్టియన్లు నాలుగు పెట్టాడు. ఒకే సర్క్యూట్ బొమ్మ నుంచి రెండు గొంతులు ఎలా వచ్చాయంటే, నన్నడిగితే స్పీకర్ పెట్టెకే ఎక్కువ మార్కులేస్తాను. 1965లో ద హూ బృందం పీట్ టౌన్‌షెండ్ ఇంకా మోత కావాలని పట్టుబట్టడంతో 100 వాట్ల యాంప్ వచ్చింది. ఆ తర్వాత కేటీ66ల స్థానంలో ఈఎల్34లు వచ్చి, ఇప్పుడు అందరూ మార్షల్ అనే ఆ ధ్వని స్థిరపడింది.

ఆ ధ్వని బలం మధ్య స్థాయిలో ఉంది. పెళ్లిలో డోలు ఎంత మోగినా సన్నాయి పాట చివరి వరసవాళ్లకి కూడా వినబడుతుందే, అలాంటిదే ఇది. బాస్ తక్కువున్నా, చురుకు తక్కువున్నా, బ్యాండ్ మధ్యలో గిటార్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. మీ మార్షల్ ఫ్రెండ్ చెప్పేది ఇదే అయితే నేను ఆయన పక్షమే.

కానీ పాత తరహా మార్షల్ ఇంటికి పనికిరాదు, కారణం మోత ఒక్కటే కాదు. సూపర్ లీడ్ అనే 100 వాట్ల మార్షల్‌లో బ్రైట్ ఛానల్ వాల్యూమ్ నాబ్ మీద ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ సన్నటి ధ్వనులను మాత్రం అడ్డదారిన దాటించేస్తుంది. దాంతో నాబ్ రెండో అంకె దగ్గర పెట్టి వాయిస్తే సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఏడు దాటాక ఆ అడ్డదారికి అర్థం లేకుండా పోతుంది, ధ్వని నిండుగా వస్తుంది. అంటే తక్కువ మోతలో బాగుండాలని దాన్ని తయారుచేయలేదు. రెండు ఛానళ్లనూ చిన్న కేబుల్‌తో కలిపి, రెండోదానితో కాస్త బరువు జోడించి వాయించే అలవాటు అందుకే వచ్చింది. 1975లో మాస్టర్ వాల్యూమ్ ఉన్న 2203 అనే మోడల్ వచ్చింది, 1981లో అదే జేసీఎం800గా పేరు మార్చుకుంది. ప్రీయాంప్ (మొదటి దశ) ట్యూబులను గట్టిగా నడిపి చివర్లో మోత తగ్గించుకునే వీలు అప్పుడు దొరికింది. ఇంట్లో వాయించేవాడికి మార్షల్ దారి అక్కడి నుంచే మొదలవుతుంది.

హైవాట్ మీద నాకు చాలా గౌరవం. అయినా మీకు వద్దంటున్నాను. డేవ్ రీవ్స్ అనే ఇంజినీర్ 1960ల చివర్లో మొదలుపెట్టిన యాంప్ ఇది. డీఆర్103లో మొదటి రెండు అక్షరాలు ఆయన పేరే. లోపలి వైరింగ్ పని మిలిటరీ కాంట్రాక్టుల అనుభవం ఉన్న హ్యారీ జాయిస్‌కి అప్పగించాడు. ఎక్కడైనా ఎవరైనా పాత డీఆర్103 విప్పినప్పుడు లోపల చూసే అవకాశం వస్తే వదులుకోకండి. తీగలు దగ్గరి దారిన అడ్డంగా పోవు. అన్నీ ఒకే వరసలో వెళ్లి, మలుపు దగ్గర లంబకోణంలో వంగి, మళ్లీ వరసగా సాగుతాయి. గుంపుగా వెళ్లే చోట దారంతో కట్టి ఉంటాయి. ప్రతి టంకం చుక్కా ఒకే సైజు. ఈ అందం చూసుకోవడానికి మాత్రమే కాదు. తీగలు ఎప్పుడూ ఒకే చోట ఉంటే హమ్ (ఝుమ్మనే రొద) అదుపులో ఉంటుంది, ఏ రెండు యాంపులూ వేర్వేరుగా ప్రవర్తించవు, రోడ్డు ప్రయాణాల కుదుపులకు ఏదీ ఊడదు. దానికి తోడు పార్ట్రిడ్జ్ ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిలో ఇనుమూ రాగీ ధారాళంగా వాడేవారు.

ఇంత గట్టిగా కట్టడం వల్లే హైవాట్ తొందరగా విరగదు. చాలా పైకి తిప్పినా శుభ్రంగానే, పెద్దగా, ఇంకా పెద్దగా ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌కి కావలసింది అదే. ఆయన గరుకంతా కాలితో నొక్కే పెడల్స్ నుంచి తెచ్చుకుంటాడు, యాంప్ పని దాన్ని చెక్కు చెదరకుండా హాలు నింపడం. కాబట్టి మీరు ఫ్లాయిడ్ సోలోల కోసం హైవాట్ కొనాలనుకుంటే ఆ గరుకు ఇచ్చే పెడల్ ముందు కొనండి, ఏదైనా యాంప్‌ని విరిగే ముందు దగ్గర ఆపి పెడల్‌ని దానికి తగిలించండి. మీ పబ్‌లో కూర్చున్నవాళ్లు తేడా పట్టుకోలేరు, మీ బాస్ గిటారిస్టు తప్ప. ఇంకో జాగ్రత్త. 1981లో రీవ్స్ చనిపోయాక ఆ పేరు చేతులు మారింది. పేరు పలక ఒకటే అయినంత మాత్రాన లోపల హ్యారీ జాయిస్ వైరింగ్ ఉంటుందనుకోకండి.

ఆరెంజ్, లేనీ అభిమానులు నన్ను తిట్టుకోకుండా ఒక మాట. లండన్‌లో 1968లో క్లిఫ్ కూపర్ మొదలుపెట్టిన ఆరెంజ్ మందపు ధ్వనికి పెట్టింది పేరు. బర్మింగ్‌హామ్ లేనీని బ్లాక్ సబ్బత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ నిలబెట్టాడు. రెండూ మంచివే, మీ పాటలకు అవసరం లేదు.

'చేత్తో వైరింగ్ చెయ్యనిది దండగ' అన్న వాదనకి జవాబు మార్షల్ చరిత్రలోనే ఉంది. 1970ల మధ్యకల్లా మార్షల్ ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డుకి మారిపోయింది. ఇప్పుడు జనం వెతికి వెతికి కొనే 1981 నాటి జేసీఎం800 లోపల ఉన్నది ఆ బోర్డే. తీగ చేత్తో బిగించినా, బోర్డు మీద రాగి గీతగా ఉన్నా కరెంటుకు ఒకటే. ఒకే సర్క్యూట్, ఒకే విలువలు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్, ఒకే స్పీకర్ అయితే కళ్లు మూసుకుని తేడా చెప్పగలమనేవాళ్ల మీద నాకు నమ్మకం తక్కువ. చేతి వైరింగ్ యాంప్ బాగుందంటే, ఆ ధరలో కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కూడా మంచివి పెట్టి ఉంటుంది. మెచ్చుకోలు మాత్రం తీగలకు దక్కుతుంది.

చేతి వైరింగ్ విలువ రిపేరు రోజున తెలుస్తుంది. పలక మీద ప్రతి భాగమూ కంటికి కనబడుతూ ఉంటుంది, ఒక కాలు తీసి ఇంకోటి పెట్టొచ్చు. బోర్డు యాంపుల్లో చూడాల్సింది ఒక్కటే: ట్యూబ్ సాకెట్లు ఛాసిస్‌కి (లోపలి లోహపు చట్రానికి) బిగించారా, బోర్డుకే టంకం వేశారా? బోర్డుకే వేసి ఉంటే పవర్ ట్యూబుల వేడికి, ట్యూబులు పీకి పెట్టే ఊపుకి ఏళ్ల తర్వాత ఆ టంకాలు చిట్లుతాయి. మధ్యమధ్యలో చిటపట, ధ్వని వచ్చిపోవడం మొదలైతే తరచూ కారణం అదే. బాగుచేయలేనిది కాదు, కానీ చేసేవాడికి ఓపిక ఉండాలి. హైదరాబాద్ వెళ్తానంటున్నారు కాబట్టి దీని గురించి ఇంత చెప్పాను. వాల్వు రేడియోలు విప్పి చూసిన తరం ఇప్పుడు పెద్దవాళ్లయిపోయింది.

ఇంతకీ ఏది కొనాలి? మీ స్థితిలో నేనైతే ఏసీ15 కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో) కొంటాను. రెండు ఈఎల్84లు, ఒక పన్నెండు అంగుళాల స్పీకర్, ఏసీ30 స్వభావమంతా. మోతలో తేడా మూడు డెసిబెల్స్, పైన లెక్క చూశారుగా. ఇప్పుడొచ్చే కస్టమ్ మోడల్లో మాస్టర్ వాల్యూమ్, రివర్బ్ (ప్రతిధ్వని), ట్రెమొలో (ధ్వని వణుకు) ఉంటాయి. బరువు 22 కిలోల దగ్గర. రెండు స్పీకర్ల ఏసీ30 అయితే 32 కిలోలు దాటుతుంది, పబ్ మెట్లెక్కించే రోజున ఆ పది కిలోల విలువ తెలుస్తుంది. పబ్‌లో మోత చాలకపోతే స్పీకర్ ముందు మైకు పెట్టి పీఏలోకి (హాలు స్పీకర్లలోకి) పంపండి. క్వీన్ పాటలకు యాంప్ ముందు ఒక ట్రెబుల్ బూస్టర్ (చురుకు పెంచే పెడల్) పెట్టుకోండి. క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే ఏసీ30 నార్మల్ ఛానల్‌ని పూర్తిగా తెరిచి, ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టి, శుభ్రమో గరుకో గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌తోనే చూసుకుంటాడు. ఆ పద్ధతి 15 వాట్లలో ఇంకా తొందరగా పనిచేస్తుంది. దీనికి ఒకటే లోటు. డ్రమ్మర్ గట్టిగా కొట్టే రకమైతే పూర్తి శుభ్రమైన ధ్వని ఆ మోతలో నిలవదు, కాస్త గరుకు చేరుతుంది. ఫ్లాయిడ్ పాటల్లో అది మీకు ఇబ్బందైతే అక్కడే మైకు సాయం తీసుకోవాలి.

మార్షల్ గొంతే కావాలని మీ మనసు లాగితే 20 వాట్ల స్టూడియో శ్రేణి చూడండి. ఇంగ్లండ్‌లోనే తయారవుతాయి, 5 వాట్లకి తగ్గించుకునే స్విచ్ ఉంది. వాటిలో ఎస్‌వీ20 పాత సూపర్ లీడ్ తరహా, మాస్టర్ వాల్యూమ్ లేదు. 5 వాట్లలోనూ అది గ్రీన్‌బ్యాక్‌తో 100 డెసిబెల్స్ దాటుతుంది, ఉమ్మడి గోడకి సరిపడదు. ఎస్‌సీ20 జేసీఎం800 తరహా, మాస్టర్ వాల్యూమ్ ఉంది. మీకైతే అది.

రాత్రి పదింటి తర్వాత మాత్రం ఏ ట్యూబ్ యాంపూ వద్దు. మీ పాత ట్రాన్సిస్టర్ యాంప్‌ని అమ్మేయకండి, హెడ్‌ఫోన్ పెట్టుకుని దాంతోనే సాధన చేయండి. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే అటెన్యుయేటర్లు ఉన్నాయి, కొంతవరకు పనికొస్తాయి. కానీ మోత బాగా తగ్గించాక మన చెవే బాస్‌నీ చురుకునీ తక్కువగా వింటుంది, స్పీకర్ కూడా కదలదు. అప్పుడు తప్పు అటెన్యుయేటర్ మీదకి పోతుంది.

షాపుకి మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. గోడకి వేలాడే ఖరీదైన గిటార్‌తో విన్న యాంప్ ఇంటికొచ్చాక వేరేలా ఉంటుంది. నాబులన్నీ మధ్యలో పెట్టి, ఓపెన్ ఎ కార్డ్ ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా కొట్టండి. గట్టిగా కొట్టినప్పుడు ఐదు తీగలు విడివిడిగా వినబడుతున్నాయా, ముద్దైపోతున్నాయా చూడండి. తర్వాత గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించండి. మంచి యాంప్‌లో ధ్వని శుభ్రపడుతుంది కానీ దుప్పటి కప్పినట్టు అవ్వదు. సెకండ్ హ్యాండ్ అయితే అరగంట ఆన్‌లో ఉంచి వినండి, చాలా జబ్బులు వేడెక్కాకే బయటపడతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు అసలువేనా అని అడగండి. 1960ల నాటి యాంప్‌లో ఫిల్టర్ కెపాసిటర్లు ఎప్పుడూ మార్చలేదని గర్వంగా చెప్తే ఆ గర్వానికి డబ్బు కట్టకండి, ఎండిపోయిన కెపాసిటర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తీసుకుపోగలదు.

ఏది కొన్నా రెండు నియమాలు. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేయకండి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఛాసిస్ విప్పి లోపల చేయి పెట్టకండి. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవుండొచ్చు. ట్యూబులు మార్చడం వరకు మీరే చేసుకోవచ్చు, వాక్స్ తరహా క్యాథోడ్ బయాస్ యాంప్‌లో జతపరిచిన ఈఎల్84లు పెడితే చాలు. మార్షల్‌లో ఈఎల్34లు మారిస్తే బయాస్ (ట్యూబ్‌లో పారే కరెంటు) సరిచేయించాలి, అది తెలిసినవాళ్ల పని. ఈఎల్84లను వాక్స్ బాగా వేడిగా నడుపుతుంది కాబట్టి అవి తొందరగా అలిసిపోతాయి. యాంప్ వెనక గోడకి ఆనించకుండా గాలాడేలా పెట్టండి.

హైదరాబాద్ విషయానికొస్తే మీకు ఒక అదృష్టం ఉంది. ఇంగ్లండ్‌లోనూ మనదగ్గరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుంచి 120 వోల్టుల యాంపులు మోసుకొచ్చే మనవాళ్లకి బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి జీవితాంతం వెంట ఉంటుంది, మీకు ఆ బాధ లేదు. కాకపోతే ఇంగ్లండ్ ప్లగ్‌లో చిన్న ఫ్యూజ్ ఉంటుంది, మన ప్లగ్‌లో ఉండదు. కాబట్టి యాంప్ వెనక ఉన్న ఫ్యూజ్ సరైన విలువదేనా అన్నది అక్కడ ఇంకా ముఖ్యం. కొత్త ఇంట్లో దిగగానే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. హమ్ వస్తోందని మూడో పిన్ పీకేసే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. గిటార్ తీగల మీద చేతులు, మైకు మీద పెదాలు ఉంటాయి, ఎర్త్ లేకపోతే ప్రాణాలు పోతాయి. వోల్టేజీ ఎగుడుదిగుడులున్న ఏరియా అయితే మంచి స్టెబిలైజర్ పెట్టుకోండి.

విమానంలో తెచ్చుకునే ఆలోచన ఉంటే ఒక్క బ్యాగు 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు, ఏసీ30 అక్కడే ఆగిపోతుంది. ఏసీ15 ప్యాకింగ్‌తో కలిపి ఆ హద్దులోపే ఉంటుంది, అదనపు బరువు డబ్బులు మాత్రం కట్టాల్సి రావచ్చు. బయల్దేరే ముందు ట్యూబులన్నీ తీసి, ఏది ఏ సాకెట్‌దో చిన్న స్టిక్కర్ మీద రాసి, బట్టల మధ్య చుట్టి విడిగా పెట్టుకోండి. స్పీకర్ కాగితం ముందు ఒక అట్ట అడ్డం పెట్టండి. ఇంకో జత ఈఎల్84లు, రెండు ఈసీసీ83లు, సరైన విలువ ఫ్యూజులు నాలుగు ఇక్కడే కొని అదే మూటలో వేసుకోండి.